జాతర గుండు, మండీ మూట, మైదానంలో ఇసుక సంచి

జిమ్‌లో రెండు చివర్లా బరువులు తగిలించే ఇనుప కడ్డీ బార్‌బెల్‌తో వంద కిలోలు నేల మీద నుంచి లేపగల యువకుడికి అరవై కిలోల ఇసుక మూట ఇస్తే చాలాసార్లు తడబడతాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, పట్టుకున్నచోట జారుతుంది, మోకాళ్ల దాకా వచ్చాక ఇసుకంతా ఒక పక్కకు ఒరుగుతుంది. మండీలో పనిచేసే హమాలీ అదే మూటను వీపున వేసుకుని మామూలుగా లారీ దాకా నడిచి వెళ్తాడు. ఆయన్ను బార్‌బెల్ ముందు నిలబెడితే ఇబ్బంది ఆయనకు మొదలవుతుంది. వీళ్లిద్దరిలో ఎవరు బలవంతులని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ వస్తువు, ఏ పట్టు, ఎంత ఎత్తు, ఎంత దూరం అన్నవాటిని వదిలేసి బలాన్ని కొలవలేం. శరీరం ఏ పనికి అలవాటు పడితే ఆ పనిలోనే ఎక్కువ మెరుగవుతుంది. వ్యాయామ శాస్త్రం మొత్తంలో ఇంతకంటే గట్టిగా నిలబడిన సూత్రాలు తక్కువ.

తిరుపతి, చిత్తూరు వైపు బరువులు ఎత్తడం కొత్త సంగతి కాదు. రాయలసీమ పల్లెల్లో పండక్కో జాతరకో గుండు, అంటే గుండ్రటి బండరాయి, ఎత్తే పోటీలు పెడతారు. మామిడి కాలంలో దామలచెరువు, బంగారుపాళెం మండీల్లో పొద్దు పొడిచింది మొదలు క్రేట్లు, బుట్టలు దించుతూ ఎక్కిస్తూనే ఉంటారు. కబడ్డీ ఆడేవాళ్లు, అథ్లెటిక్స్ కుర్రాళ్లు ఇసుక సంచులు, లారీ టైర్లు, రాళ్లతో సాధన చేయడం వీటికి తోడైంది. దూరం నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి గుండు ఎత్తడం పరీక్ష, మూట మోయడం జీవనం, ఇసుక సంచితో చేసేది సాధన. మూడింటి లెక్కలు వేరు. ఒకదాని పద్ధతిని తెచ్చి ఇంకొకదాంట్లో పెట్టినప్పుడే నడుములు పోతాయి.

ముందు వస్తువు సంగతి చూద్దాం. బార్‌బెల్‌ను మనిషి ఎత్తడానికి వీలుగానే తయారు చేశారు. సన్నటి కడ్డీ గుప్పిట్లో ఇముడుతుంది, బరువు రెండు వైపులా సమానంగా ఉంటుంది, ఎత్తేటప్పుడు కడ్డీ కాళ్లకు రాసుకుంటూ నిలువుగా పైకి వస్తుంది. మూటకూ గుండుకూ ఈ సౌకర్యాలేవీ లేవు. వాటి లావే అసలు అడ్డంకి. వీపు కింది భాగంలో వెన్నును నిలబెట్టే కండరాలు వెన్నెముకకు వెనకగా సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగుతాయి. వెన్నుకు 20 సెంటీమీటర్లు ముందు 40 కిలోల బరువు ఉంటే, ఆ ఒక్క బరువును నిలపడానికే ఆ కండరాలు దాదాపు 160 కిలోలకు సమానమైన బలంతో లాగాలి. అదే బరువు 40 సెంటీమీటర్ల దూరం జరిగితే ఆ లెక్క 320 కిలోలవుతుంది. ఒంటి పైభాగం బరువు దీనికి అదనం. కాటా మీద మూట బరువు ఒక్క గ్రాము పెరగలేదు, నడుము మీద మాత్రం రెండింతలైంది. ‘ఒంటికి హత్తుకో’ అని పెద్దవాళ్లు చెప్పే మాటలో ఉన్న లెక్క ఇదే.

రాయి విషయంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. చిత్తూరు జిల్లాలో గ్రానైట్‌కు కొదవ లేదు, క్వారీ దగ్గర గుండ్రటి రాయి సంపాదించడం కష్టమూ కాదు. కానీ కంటితో చూసి బరువు అంచనా వేస్తే మోసపోతాం. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్రానైట్ గుండు సుమారు 37 కిలోలు తూగుతుంది. 40 సెంటీమీటర్లదైతే దాదాపు 89 కిలోలు. చూపుకు జానెడు తేడా కూడా ఉండదు, బరువు మాత్రం రెండున్నర రెట్ల దాకా పోయింది. పైగా గుండు లావయ్యే కొద్దీ దాని మధ్యభాగం ఒంటికి దూరమవుతుంది, అంటే పైన చెప్పిన లెక్క కూడా తోడవుతుంది. చిన్న గుండు అలవోకగా ఎత్తినవాడు ఆ ఊపులో పక్కనున్న పెద్దదాని మీద చెయ్యి వేయడం ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి.

ఇన్ని ఇబ్బందులున్న వస్తువుతో సాధన ఎందుకు చేయాలి? ఆటలో ఎదురయ్యే బరువులకు కూడా పిడి ఉండదు కాబట్టి. కబడ్డీలో పురుషుల సీనియర్ విభాగం బరువు పరిమితి 85 కిలోలు. ఆ బరువున్న రైడర్ చెమటతో జారుతూ, మెలికలు తిరుగుతూ, గీత వైపు ఒంటినంతా చాపుతుంటాడు. నడుం పట్టు పట్టి అతణ్ణి ఎత్తి వెనక్కి లాగాల్సిన డిఫెండర్‌కు, కడ్డీతో సంపాదించిన బలం సగం పని చేస్తుంది. మిగతా సగం చేతుల చుట్టు, రొమ్ము, పొట్ట, తుంటి కలిసి ఒకే బిగువులో ఉండడం మీద ఆధారపడుతుంది. ఇసుక మూటను కావలించుకుని ఎత్తి నడిచినప్పుడు సరిగ్గా ఆ బిగువే అలవడుతుంది. వేళ్లు మాత్రమే పట్టుకునే పట్టు వేరు, మోచేతుల నుంచి రొమ్ము దాకా కలిసి అదిమే పట్టు వేరు. రెండోదాన్ని జిమ్‌లోని యంత్రాలేవీ ఇవ్వవు.

ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని కోచ్‌లు కూడా తక్కువగా పట్టించుకుంటారు. బార్‌బెల్ ఎత్తేవాళ్లు నిండుగా గాలి పీల్చి, పొట్ట బిగించి, పని ముగిశాక వదులుతారు. పెద్ద మూట రొమ్ముకు అదిమి ఉన్నప్పుడు నిండుగా పీల్చడానికి చోటే ఉండదు. పొట్ట బిగువు వదలకుండా చిన్న చిన్న ఊపిరులతో నడక సాగించాలి. ఎదుటివాళ్లు పట్టేసినప్పుడు ‘కబడ్డీ కబడ్డీ’ అనే కూత తెగకుండా గీత దాకా పాకే రైడర్ చేసేది కూడా ఇదే. 30 సెకన్ల రైడ్‌లో ఆఖరి అయిదారు సెకన్లలో గెలుపు ఓటములు తేలుతాయి, అప్పుడు కాళ్ల కంటే ముందు ఊపిరే వదిలేస్తుంది. మూట పట్టుకుని ముప్పై మీటర్లు నడవడం ఆ స్థితికి దగ్గరగా ఉండే సాధన. ఉత్త పరుగుతో అది రాదు.

ఒక పక్క బరువుల గురించి కూడా చెప్పుకోవాలి. తిరుమల మాడవీధుల్లో వాహన సేవ చూసినవాళ్లకు, పొడుగాటి కర్రల కింద భుజం పెట్టి నడిచే మోతగాళ్లు గుర్తుంటారు. ప్రతి ఒక్కరికీ బరువు ఒక భుజం మీదే ఉంటుంది. నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడిచే ఆడవాళ్లదీ అదే పద్ధతి. ఇలా నడిచేటప్పుడు ఒక కాలు గాల్లో ఉన్న ప్రతిసారీ తుంటి ఒక వైపు ఒరిగిపోవాలి, ఒరగకుండా పట్టి ఉంచేవి నడుము పక్క కండరాలు. కెనడాకు చెందిన వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2009లో స్ట్రాంగ్‌మన్ పోటీదారుల (రాళ్లు, టైర్లు లాంటి భారీ వస్తువులు ఎత్తి, మోసి పోటీపడేవాళ్లు) మీద చేసిన అధ్యయనంలో ఈ విషయం స్పష్టంగా కనిపించింది. బరువుతో నడిచేటప్పుడు తుంటి కండరాలకు విడిగా లేని బలాన్ని నడుము పక్క కండరాలు తోడై అందిస్తున్నాయి. స్క్వాట్ (బరువుతో గుంజీ), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు లేపి నిలబడడం) రెండు కాళ్లూ నేల మీద పెట్టి చేసేవి కాబట్టి వాటిలో ఈ పని దాదాపు పడదు. పరుగులో దిశ మార్చే ఏ ఆటగాడికైనా ఈ కండరాలే ఆధారం. అందుకే ఒక చేత్తో బరువు పట్టుకుని నడవడాన్ని, దాని చవకదనం చూసి చిన్నచూపు చూడకూడదు.

ఇక పరీక్ష, సాధన తేడా. బరువైన రాయి ఎత్తి బలం నిరూపించుకోవడం చాలా దేశాల్లో ఉంది. ఐస్‌లాండ్‌లో 186 కిలోల హూసాఫెల్ రాయి, స్కాట్లాండ్‌లో జంటగా 332 కిలోలు తూగే డిన్నీ రాళ్లు ప్రసిద్ధం. మన పక్కనే తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ఇళవట్టక్కల్ అనే గుండ్రాయి ఎత్తినవాడికే పిల్లనిస్తామనే ఆచారం ఉండేది. తెలుగునాట తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, సంగడాలు, గదలు తిప్పేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఆ వాతావరణంలో పెరిగి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ ప్రదర్శనలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. జనం గుర్తుంచుకున్నది ఆయన రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న ప్రదర్శన. దాని వెనక ఏళ్ల తరబడి సాగిన కసరత్తు ఉందన్న సంగతి మాత్రం కథల్లో వెనకబడిపోయింది.

ఊరి గుండు విషయంలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు పండగనాడు గుండు ఎత్తినవాళ్లు మిగతా రోజులన్నీ మడకలు పట్టి, కపిల తోలి, మూటలు మోసి, బావులు తవ్వినవాళ్లు. ఏడాది పొడవునా జరిగిన పనికి ఆ రోజు కొలత మాత్రమే. ఇప్పుడు బరిలో దిగే యువకుల్లో చాలామంది చదువులో, షాపుల్లో, ఫోన్ ముందు రోజులు గడిపేవాళ్లు. పని మాయమైంది, పరీక్ష మిగిలింది. బండలాగుడు పోటీలకు ఎద్దులను ఎలా సిద్ధం చేస్తారో ఆ ఊళ్ల రైతులకు బాగా తెలుసు. నెలల ముందు నుంచీ ఉలవలు పెట్టి మేపుతారు, చిన్న బండతో మొదలుపెట్టి పెద్ద బండకు అలవాటు చేస్తారు, పోటీకి ముందు విశ్రాంతి ఇస్తారు. సాధన అంటే ఇదే, ఇందులో లోపం ఏమీ లేదు. ఎద్దుకు చూపిన ఆ శ్రద్ధ ఇంట్లో కుర్రాడికి ఎందుకు చూపరన్నది బాధపడాల్సిన విషయం. స్నేహితులు రెచ్చగొడితే చొక్కా విప్పి తిన్నగా గుండు దగ్గరికి పోయేవాడికి అంతకుముందు ఎవరూ ఏమీ నేర్పలేదు.

రెండోవైపు, హమాలీల మాదిరి మూటలు మోస్తే చాలు, జిమ్ అక్కర్లేదనే వాదన కూడా వినిపిస్తుంది. శ్రమ మీద గౌరవంతో అన్నా ఇది పొరపాటు. కూలి కోసం మోసే మనిషి నేర్చుకునేది శక్తిని పొదుపు చేయడం. మూట వీపు మీద ఎక్కడ ఆనాలి, అడుగు ఎంత చిన్నగా వేయాలి, మోకాలు ఎంత తక్కువ వంచాలి అన్నది అనుభవంతో వస్తుంది. కెన్యా స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధన 1986లో ప్రచురితమైంది. చిన్నప్పటి నుంచి తల మీద బరువు మోసిన ఆ స్త్రీలు తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా దాదాపు అదనపు శక్తి ఖర్చు లేకుండానే మోయగలుగుతున్నారని అది చూపించింది. రోజుకు వందల మూటలు ఎత్తాల్సినవాళ్లకు ఈ నేర్పే ప్రాణాధారం. సాధన చేసేవాడికి కావాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. తక్కువసార్లు ఎత్తి, కండరాలకు ఎక్కువ పని పెట్టి, ఆ తర్వాత రెండు రోజులు వాటిని కోలుకోనివ్వాలి. హమాలీకి ఆ రెండు రోజులు ఎవరిస్తారు? లారీ వచ్చిందంటే మూట దిగాల్సిందే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజన పురుషుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు మించకూడదు. అమెరికాలోని వృత్తి భద్రత సంస్థ నియోష్ ఇంకా తగ్గించి, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే బరువు 23 కిలోలు దాటకపోవడమే మేలంటుంది. మన దగ్గర సిమెంటు మూటే 50 కిలోలు, పాత లెక్కలో వడ్ల బస్తా 75 కిలోలు. నలభై దాటక ముందే మోకాళ్లు, మెడ అరిగిపోయిన హమాలీలు ఏ మండీలోనైనా కనిపిస్తారు. వాళ్ల బలాన్ని మెచ్చుకోవడం మంచిదే. ఆ పనిని వ్యాయామంగా చూపించడం మాత్రం వాళ్ల నొప్పిని కనపడకుండా చేస్తుంది.

సాధనకు కావాల్సిన సామాను ఖరీదైనది కాదు. పాత బియ్యం సంచిలో ఇసుక నింపి, మూతి కుట్టి, దాన్ని ఇంకో మందపాటి సంచిలో పెట్టి మళ్లీ కుడితే పనైపోతుంది. ఒక జాగ్రత్త ఉంది. ఎండు ఇసుక అదే పరిమాణం బియ్యానికి దాదాపు రెండింతలు తూగుతుంది, కాబట్టి 25 కిలోల బియ్యం సంచి నిండా పోస్తే 50 కిలోల దగ్గరకు పోతుంది. తడి ఇసుక అంతకంటే బరువు. పాత ఇనుము కొనే అంగట్లో కాటా ఉంటుంది, తూచి బరువును సంచి మీదే రాసి పెట్టుకోవాలి. మొదట ఒంటి బరువులో మూడో వంతు చాలు. సంచిని పూర్తిగా బిగించి నింపకుండా కొంత వదులుగా ఉంచితే లోపల ఇసుక కదులుతుంది, ఆ కదలికే ఇక్కడ పాఠం. సగం నీళ్లున్న 20 లీటర్ల క్యాన్ కూడా ఇలాగే అటూ ఇటూ ఊగుతూ పని పెడుతుంది. గ్యాస్ సిలిండర్‌కు పిడి ఉంది కదా అని దాంతో నడిచేవాళ్లు అక్కడక్కడా కనిపిస్తున్నారు, అది వెంటనే మానాలి.

ఎత్తే పద్ధతిలో తొందర పనికిరాదు. సంచిని రెండు పాదాల మధ్యకు తెచ్చుకుని, తుంటి వెనక్కి నెట్టి, కింద నుంచి చేతులు చుట్టి ముందు ఒళ్లోకి తెచ్చుకోవాలి. ఒళ్లో పెట్టుకున్నాక పట్టు సరిచేసుకుని, రొమ్ముకు అదిమి, అప్పుడు కాళ్లతో లేవాలి. జిమ్‌లో వీపు నిటారుగా ఉండాలని నేర్పుతారు. రాయి, మూట ఎత్తేటప్పుడు పైవీపు కొంత గుండ్రంగా వంగక తప్పదు, ఎందుకంటే వస్తువు చుట్టూ ఒరిగితేనే అది ఒంటికి దగ్గరవుతుంది. వంగడం తప్పు కాదు. బరువు చేతుల్లో ఉండగా వీపు వంగుతూ లేస్తూ కదలడమే తప్పు. ముందే వంగి బిగించుకుని, కదలికంతా తుంటి దగ్గరే జరిగేలా చూడాలి. చేతులు మడిచి కండ బలంతో పైకి గుంజడం మరో పెద్ద పొరపాటు. టైరు తిప్పేటప్పుడూ, గుండు ఎత్తేటప్పుడూ మోచేతికి పైనున్న దండ కండరం (బైసెప్స్) తెగేది ఆ గుంజుడుకే.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. ముందు దూరం పెంచాలి, తర్వాత బరువు. ముప్పై మీటర్లు తూలకుండా, మూట కిందికి జారకుండా నాలుగైదు సార్లు నడవగలిగాకే మరో రెండు మూడు కిలోల ఇసుక కలపాలి. ఇక్కడే సంచికి రాయి మీద పైచేయి. సంచిలో కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు, 37 కిలోల గుండు నుంచి 89 కిలోల గుండుకు మధ్యలో మెట్టు లేదు. వేసవిలో తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కాబట్టి ఆరు గంటల లోపే మొదలుపెట్టాలి. ఎండలో ఉన్న గ్రానైట్‌ను తాకితే చెయ్యి కాలుతుంది.

బరువు సంచి భుజాన వేసుకుని అలిపిరి మెట్లు ఎక్కడాన్ని కొందరు సాధనగా చేస్తుంటారు. అది సరైన చోటు కాదు. 3,550 మెట్ల ఆ దారి భక్తులది. నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకుని ఎక్కే తండ్రుల పక్కన, తూలిపడే అవకాశమున్న బరువుతో నడవడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే భారం వేరే. చదునైన నేల మీద ముప్పై మీటర్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంతా చేసి ఫలితం ఎంత? న్యూజిలాండ్‌లో పాల్ విన్‌వుడ్ బృందం అనుభవం ఉన్న రగ్బీ ఆటగాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు స్ట్రాంగ్‌మన్ పద్ధతిలో, ఇంకో జట్టుకు మామూలు బరువులతో ఏడు వారాలు సాధన చేయించింది. బలం, వేగం లాంటి కొలతల్లో రెండు జట్లూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. అంటే మూటలో మహిమ ఏమీ లేదు, దానితో నష్టమూ లేదు. జిమ్‌కు నెలనెలా డబ్బు కట్టలేని పల్లెటూరి ఆటగాడికి ఇది చాలా పెద్ద వార్త. అదే పరిశోధకుడు స్ట్రాంగ్‌మన్ పోటీదారుల గాయాల మీద చేసిన సర్వేలో ఇంకో అంకె కూడా ఉంది. మామూలు బరువుల కంటే ఇలాంటి వస్తువులతో సాధన చేసేటప్పుడు గాయపడే అవకాశం దాదాపు రెండింతలు, ఎక్కువగా దెబ్బతినేది వీపు కింది భాగం. కాబట్టి ముందు కొన్ని నెలలు మామూలు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లతో వీపు, కాళ్లు గట్టిపడ్డాకే మూటకు రావడం మేలు. బార్‌బెల్ అందుబాటులో లేనివాళ్లు బస్కీలు, దండీలతో, తేలికపాటి సంచితో ఆ పునాది వేసుకోవచ్చు. గరిష్ఠ బలం కావాల్సినవాళ్లకు ఎప్పటికీ బార్‌బెల్ దారే దగ్గర. కదిలే వస్తువుతో కుస్తీ పడేటప్పుడు శరీరం తన బలంలో కొంత నిలకడకే ఖర్చు పెడుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది బార్‌బెల్ మీద పెట్టిన ఏళ్ల శ్రమతో.

ఎవరికి ఇది అవసరం అన్న ప్రశ్నకు జవాబు సూటిగానే ఉండాలి. కబడ్డీ, కుస్తీ, జూడో ఆడేవాళ్లకు బాగా పనికొస్తుంది. షాట్‌పుట్, డిస్కస్ విసిరేవాళ్లకు నడుము, తుంటి బిగువు కోసం కొంత మేలు. తిరుపతి మైదానాల్లో తెల్లవారుజామున కనిపించే వందలాది కానిస్టేబుల్ ఉద్యోగార్థులకు మాత్రం దీని అవసరం చాలా తక్కువ. వాళ్లకు పెట్టేవి 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్‌జంప్. అక్కడ ఉద్యోగాన్ని తేల్చేది సెకన్లు, మూటలతో ఒళ్లు అలవగొట్టుకుంటే ఆ సెకన్లే పోతాయి. పదహారేళ్ల లోపు పిల్లలకు తేలికపాటి సంచితో నడక నేర్పవచ్చు, ఎంత ఎత్తగలరో చూద్దామనే పందేలు మాత్రం వద్దు.

సంక్రాంతి టోర్నమెంట్లకు సిద్ధమయ్యే కబడ్డీ జట్టు అయితే బరువైన మూటల పనంతా కార్తీకం, మార్గశిరంలోనే ముగించుకోవాలి. పోటీకి రెండు వారాల ముందు గుండ్లు, టైర్లు పూర్తిగా పక్కన పెట్టి, వారానికి ఒకసారి సగం బరువుతో రెండు మూడు నడకలు ఉంచుకుంటే చాలు. ఆ మిగిలిన సమయమంతా కోర్టులో పట్లకు, అడుగులకు, నిద్రకు పోవాలి.